పేరు పెట్టే పని ఎవరిది?

(రంగారెడ్డి జిల్లా కందుకూరులో స్త్రీల సంఘాల కార్యకర్తల శిక్షణా శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను పిలిచినవాళ్లు "విషయం టెక్నికలే, కానీ మనవాళ్లకి అర్థమయ్యేలా చెప్పండి" అన్నారు. నేను సోషియాలజీ చదువుకున్నదాన్ని, కంప్యూటర్లు చదువుకోలేదు. మా పత్రిక పాత సంచికల్ని ఇంటర్నెట్‌లో పెట్టే పని కొన్నేళ్ల క్రితం నా నెత్తిన పడింది. పడుతూ లేస్తూ నేర్చుకున్నాను. కాబట్టి ఇది నిపుణురాలి ఉపన్యాసం కాదు, ఈ పనిలో తప్పులు చేసిన మనిషి మాటలు.

నిన్న రాత్రి ఇక్కడికి ఎలా రావాలో చూద్దామని "కందుకూరు" అని టైపు చేశాను. ముందుగా వచ్చింది ఈ ఊరు కాదు. ప్రకాశం జిల్లాలో ఉండి 2022లో నెల్లూరు జిల్లాలో కలిసిన కందుకూరు వచ్చింది. అదే ఏడాది డిసెంబర్ 28న ఒక రాజకీయ సభలో తొక్కిసలాట జరిగి ఎనిమిది మంది చనిపోయిన కందుకూరు. ఆ వార్తల కింద వీరేశలింగం గారు వచ్చారు, ఆయన ఇంటిపేరు కందుకూరి కదా. శ్రీశైలం రోడ్డు మీదున్న మన కందుకూరు చాలా కిందికి వెళితే గాని దొరకలేదు. ఇబ్రహీంపట్నం సంగతీ అంతే. మనకొకటుంది, జగిత్యాల జిల్లాలో ఒకటుంది, విజయవాడ పక్కన కృష్ణ ఒడ్డున ఇంకొకటుంది.

మనిషికి ఈ గందరగోళం లేదు. "కందుకూరు నుంచి కడ్తాల్ పోయే బస్సు" అంటే మీరు నెల్లూరు జిల్లా గురించి ఆలోచించరు. "కందుకూరి వితంతు వివాహాలు చేయించాడు" అంటే ఊరు పెళ్లిళ్లు చేయించిందని ఎవరూ అనుకోరు. యంత్రానికి మాత్రం అన్నీ అక్షరాలే. ఉప్పూ పంచదారా ఒకే రకం డబ్బాల్లో పోసిపెట్టిన వంటింట్లోకి కొత్తమనిషి వచ్చినట్టు ఉంటుంది దాని పరిస్థితి. ఆ ఇంటి ఆడమనిషికి ఏ డబ్బాలో ఏముందో తెలుసు. కొత్తమనిషికి డబ్బా మీద చీటీ అంటించాలి. ఇది ఊరు, ఇది మనిషి పేరు, ఇది రాసిన తేదీ, ఇది రాసినవారి పేరు అని రాతకు వెనకవైపు, పాఠకులకు కనిపించకుండా యంత్రం చదువుకునేలా అంటించే చీటీలనే సెమాంటిక్ మార్కప్ అంటున్నారు. తెలుగులో స్థిరపడిన మాట లేదు. నేను అర్థపు చీటీలు అంటాను. మీకు ఇంతకన్నా మంచి మాట తడితే చెప్పండి.

చరిత్ర కొంచెం చెప్పి వదిలేస్తాను. వెబ్‌ను తయారుచేసిన టిమ్ బెర్నర్స్-లీ మరో ఇద్దరితో కలిసి, యంత్రాలు అర్థం గ్రహించగల వెబ్ కావాలని 2001లో ఒక వ్యాసం రాశాడు. ఆ తర్వాత రకరకాల పద్ధతులు వచ్చాయి. ఎవరి చీటీ వారిదే. 2011 జూన్‌లో గూగుల్, యాహూ, మైక్రోసాఫ్ట్ వారి బింగ్ కలిసి ఒక ఉమ్మడి పదజాలం పెట్టుకున్నాయి. దాని పేరు స్కీమా డాట్ ఆర్గ్. ఆ ఏడాదే రష్యాకు చెందిన యాండెక్స్ కూడా చేరింది. ఏ వస్తువుకు ఏ చీటీ అంటించాలో, చీటీలో ఏ గడులు ఉండాలో ఆ పదజాలం చెబుతుంది. అంటే ప్రపంచంలోని వస్తువులన్నిటికీ పేర్లు పెట్టే పని నాలుగు వ్యాపార సంస్థల దగ్గర మొదలైంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ అవసరం వస్తుంది.

"ఈ గొడవ మనకెందుకు? మనం రాసేది మనుషుల కోసం కదా" అని మీరు అడగవచ్చు. నేనూ మొదట అలాగే అన్నాను. కానీ గడుల సంగతి మనకు కొత్త కాదు. ఏళ్ల తరబడి మనం పోట్లాడింది గడుల గురించే. జనాభా లెక్కలవాళ్లు ఇంటికి వచ్చి "మీ ఆడవాళ్లు ఏం పని చేస్తారు?" అని అడిగితే "ఏం లేదు, ఇంట్లోనే" అని మగవాళ్లు చెప్పేవాళ్లు. నాట్లు వేసి, కలుపు తీసి, పాలు పిండి, బీడీలు చుట్టిన మనిషి ఏ పనీ లేనిదిగా నమోదయ్యేది. 1991 జనాభా లెక్కల్లో పని గురించిన ప్రశ్న పక్కన, పొలంలోగాని కుటుంబ వృత్తిలోగాని జీతం లేకుండా చేసే పని కూడా పనే అని ఒక చిన్న వివరణ చేర్చారు. స్త్రీల సంఘాలు, పరిశోధకులు చాలా ఒత్తిడి చేస్తే వచ్చిన మాట అది. ప్రశ్నలో నాలుగు మాటలు చేరేసరికి అంతకుముందు లేని మనుషులు లెక్కలోకి వచ్చారు.

ఈ ప్రాంతంలో ఇంకా దగ్గరి ఉదాహరణ ఉంది. పాత పహాణీలో పట్టాదారు గడి పక్కన అనుభవదారు గడి ఉండేది. భూమి ఎవరి పేరన ఉంది, ఎవరు దున్నుకుంటున్నారు అని రెండు వేర్వేరు ప్రశ్నలు. 2020 అక్టోబర్ 29న ధరణి వచ్చినప్పుడు ఆ రెండో గడి పోయింది. పట్టా భర్త పేరనో మామ పేరనో ఉండి, సాగు మాత్రం తామే చేస్తున్న స్త్రీలు ఎంతమందో మీకు నాకన్నా బాగా తెలుసు. ఫార్మా సిటీ పేరుతో ముచ్చర్ల, మీర్‌ఖాన్‌పేట వైపు భూములు తీసుకున్న మండలం ఇది. భూమికి పరిహారం మాట వచ్చినప్పుడు కంప్యూటర్‌లో గడి లేని మనిషి ఎక్కడ నిలబడాలి? 2025లో ధరణి స్థానంలో భూభారతి తెచ్చారు. ఆ సంగతి వేరే ప్రసంగం. ఇక్కడ నేను చెప్పదలచుకున్నది ఒకటే. గడి లేకపోవడాన్ని పొరపాటు అని తీసిపారేయకండి. ఎవరో కూర్చుని తీసుకున్న నిర్ణయం అది.

మన సొంత రాతల విషయంలోనూ ఆ నిర్ణయాలు వేరేవాళ్లే తీసుకుంటున్నారు. ఎక్కువ సంఘాల వెబ్‌సైట్లు వర్డ్‌ప్రెస్ మీద నడుస్తాయి. దానికి థీమ్ అని ఒకటి ఉంటుంది. సైటు ఎలా కనిపించాలో, అంటే రంగులూ అక్షరాలూ ఎక్కడేముండాలో అది చూసుకుంటుంది. ప్లగిన్ అంటే అదనంగా బిగించుకునే పనిముట్టు. ఇంటికి రంగు వేయించుకోవడం థీమ్ అనుకుంటే, నీళ్ల మోటారు బిగించుకోవడం ప్లగిన్. అర్థపు చీటీలు ఈ రెండింటిలో ఎక్కడినుంచైనా రావచ్చు. మీరు అడగకపోయినా వస్తాయి. మనం బొమ్మ బాగుందని ఎంచుకున్న ఉచిత థీమ్ వెనకాల నుంచి ఏవో చీటీలు అంటిస్తూనే ఉంటుంది. మాకు మూడేళ్లు ఆ విషయమే తెలియదు.

మేము మొదట చూసుకున్నప్పుడు ఏం కనిపించిందో చెబుతాను. సుమారు రెండు వందల రచనలు ఎక్కించాం. అన్నిటికీ రచయిత గడిలో "అడ్మిన్" అని ఉంది. కవిత రాసినా అడ్మినే, కోర్టు తీర్పును విశ్లేషించినా అడ్మినే, కట్నం హత్య మీద నిజనిర్ధారణ చేసినా అడ్మినే. పైన శీర్షిక కింద అసలు పేరు మేము టైపు చేశాం, పాఠకులకు కనిపిస్తుంది. కానీ ప్లగిన్ ఆ పేరును చూడదు. ఎవరి పాస్‌వర్డుతో లోపలికి వెళ్లి ఎక్కించారో వాళ్లనే రచయితగా రాసుకుంటుంది. మా ఆఫీసులో ఎక్కించిన అబ్బాయి ఒకడు ఉన్నాడు, మంచివాడే, అతని పాస్‌వర్డు పేరు అడ్మిన్. ఇరవై ఐదేళ్ల స్త్రీవాద రచనకు యంత్రాల దృష్టిలో అతను ఏకైక రచయిత! మేము చాలాసేపు నవ్వుకున్నాం. తర్వాత నవ్వు రాలేదు.

తేదీల విషయంలో కూడా ఇంతే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట వైపు నుంచి లేచిన సారా వ్యతిరేక ఉద్యమం మీద మా దగ్గర ఒక వ్యాసం ఉంది. అందులో "వేలంపాటలు ఇంకా జరుగుతూనే ఉన్నాయి, ప్రభుత్వం కళ్లు మూసుకుంది" అని ఉంటుంది. 1993 అక్టోబర్‌లో రాష్ట్రమంతా సారాను నిషేధించారు. మేము దాన్ని ఎక్కించింది 2021లో. చీటీలో ప్రచురణ తేదీ 2021 అని పడింది. ఒక విద్యార్థిని దాన్ని తన వ్యాసంలో 2021 నాటి పరిస్థితిగా చూపించింది. ఆ అమ్మాయిని ఏమనగలం? సంచిక తేదీనే పోస్టు తేదీగా వేస్తే సరిపోయేది. ఎక్కించిన తేదీ వేరు, అచ్చయిన తేదీ వేరు అని మాకు తోచలేదు.

రచయిత గడి గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే మన పని స్వభావమే అక్కడ ఇరుకున పడుతుంది. వర్డ్‌ప్రెస్ మామూలుగా ఒక రచనకు ఒకే రచయితను ఒప్పుకుంటుంది. మనం ఐదుగురం వెళ్లి, పదిమందితో మాట్లాడి, రాత్రంతా కూర్చుని కలిసి రాస్తాం. ఎవరో ఒకరి పేరు పెట్టాల్సి వస్తుంది. ఎక్కువమంది రచయితల్ని చేర్చుకోవడానికి వేరే ప్లగిన్ ఉంది, దాన్ని వేసుకోవాలి. ప్లగిన్ మొదట అడిగే ప్రశ్న కూడా ఇదే తరహా: "ఈ సైటు ఒక వ్యక్తిదా, సంస్థదా?" సంస్థ అని నొక్కండి. అది తేలిక.

తేలిక కానిది వేరే ఉంది. 1986లో స్త్రీ శక్తి సంఘటన "మనకు తెలియని మన చరిత్ర" తెచ్చింది. తెలంగాణ సాయుధ పోరాటంలో ఉన్న స్త్రీలు తమ మాటల్లో చెప్పుకున్న జీవితాలు అందులో ఉన్నాయి. దానికి రచయిత ఎవరు? టేపు రికార్డరు పట్టుకుని వెళ్లి, విని, రాసి, కూర్చిన సంఘటన సభ్యులా? మాట్లాడిన స్త్రీలా? లైబ్రరీ కార్డు మీద సంఘటన పేరు ఉంటుంది, అది న్యాయమే. కానీ ఆ కార్డును మాత్రమే చూసేవాళ్లకు అందులో మాట్లాడినవాళ్లు కనిపించరు. ఇప్పుడు మన చేతిలో ఉన్న పదజాలంలో ఆథర్ అనే గడితో పాటు కాంట్రిబ్యూటర్ అని ఒకటి ఉంది, ట్రాన్స్‌లేటర్ అని ఒకటి ఉంది, ఎడిటర్ అని ఒకటి ఉంది. చెప్పినామెను రచయిత అంటారా, భాగస్వామి అంటారా? మా దగ్గర దీని మీద రెండు సమావేశాలు జరిగాయి, ఒకరిద్దరు అలిగారు కూడా. చివరికి మేము చెప్పినామెను రచయిత గడిలోనే పెట్టాం, రాసుకున్నామెను ఎడిటర్ గడిలో పెట్టాం. మీరు వేరేలా నిర్ణయించుకోవచ్చు. కానీ కూర్చుని నిర్ణయించుకోండి. ప్లగిన్‌కు వదిలేస్తే అది అడ్మిన్‌ని పెడుతుంది.

ఇక పేర్లు. స్కీమా పదజాలంలో మనిషికి సొంత పేరు అని ఒక గడి, కుటుంబ పేరు అని ఒక గడి ఉన్నాయి. ఇంగ్లీషువాళ్లకు సొంత పేరు ముందు, ఇంటిపేరు వెనక. మనకు ఇంటిపేరు ముందు. అది చిన్న చిక్కే, సరిచేసుకోవచ్చు. పెద్ద చిక్కు ఏమిటంటే ఆడదానికి ఇంటిపేరు ఏ ఇంటిది? మనం "అబలా సచ్చరిత్ర రత్నమాల" రాసిన అచ్చమాంబను భండారు అచ్చమాంబ అంటాం. భండారు ఆమె భర్త ఇంటిపేరు. పుట్టింది కొమర్రాజు వారింట్లో, కొమర్రాజు లక్ష్మణరావు గారికి అక్క. అన్నదమ్ముల చరిత్ర రాసేవాడు కొమర్రాజు గడిలో వెతికితే ఆమె దొరకదు. 1874లో పుట్టి 1905లోనే చనిపోయిన మనిషి, అంత కొద్ది జీవితంలో స్త్రీల చరిత్ర రాసింది, ఆమెను రెండిళ్ల మధ్య పోగొట్టుకుంటాం.

ఐలమ్మ సంగతి ఇంకా మనసులో పెట్టుకోవలసింది. పాలకుర్తిలో తాను కౌలుకు సాగు చేసుకుంటున్న పంటను విసునూరు దేశ్‌ముఖ్‌కు దక్కనివ్వకుండా నిలబడ్డ మనిషి. ఇంటిపేరు చిట్యాల. జనం నోట చాకలి ఐలమ్మ. కోఠీ మహిళా విశ్వవిద్యాలయానికి 2024లో ఆమె పేరు పెట్టినప్పుడు చాకలి అనే మాట అలాగే ఉంచారు. దొరలు కులంతో పిలిచిన పిలుపు అది. అదే పిలుపును గౌరవంగా ఎత్తిపట్టుకున్న ఉద్యమాలూ ఉన్నాయి. మరి కుటుంబ పేరు గడిలో ఏది రాయాలి? చాకలి అని రాస్తే కులం ఇంటిపేరయిపోతుంది. రాయకపోతే ఆ పేరుతో వెతికే మనవరాళ్లకు ఆమె దొరకదు. మారుపేర్ల కోసం ఆల్టర్నేట్ నేమ్ అని ఒక గడి ఉంది. చిట్యాల ఐలమ్మ అని అసలు గడిలో, మిగిలిన రూపాలన్నీ, ఇలమ్మ అనే అక్షరక్రమంతో సహా, ఆ గడిలో పెట్టమని నా సలహా. ఇంకో గడి ఉంది, సేమ్ యాజ్. ఇక్కడున్న మనిషీ అక్కడ వికీపీడియాలో ఉన్న మనిషీ ఒకరే అని చెప్పడానికి. కందుకూరు చిక్కు కూడా ఈ గడితోనే విడిపోతుంది. ఊరి పేరుతో పాటు జిల్లా పేరు రాసి, ఫలానా చోట ఉన్న కందుకూరే ఇది అని ఒక లంకె ఇస్తే చాలు.

ఆ పదజాలంలో భర్త, పిల్లలు, తల్లిదండ్రులు అని గడులున్నాయి. వాటి జోలికి వెళ్లకండి. దరఖాస్తు ఫారాల్లో "తండ్రి లేక భర్త పేరు" నింపీ నింపీ విసిగిపోయాం. మనమే తయారుచేసే చీటీలో కూడా ఎందుకు?

పనిముట్ల విషయం త్వరగా చెప్పేస్తాను, మధ్యాహ్నం చేతులతో చేయబోతున్నారు కాబట్టి. చీటీలను థీమ్ ఫైళ్లలో రాయకండి. థీమ్‌కు కొత్త వెర్షన్ వచ్చిన రోజు మీరు రాసుకున్నదంతా చెరిగిపోతుంది. థీమ్ మార్చినా పోతుంది. రాయక తప్పకపోతే చైల్డ్ థీమ్ అని దానికి అనుబంధంగా ఒకటి పెట్టుకుని అందులో రాయాలి. యోస్ట్ లాంటి ప్లగిన్ వాడటం మేలు. ఏదైనా ఒక్కటే వాడండి. రెండు ప్లగిన్లు పెడితే రెండూ చీటీలు అంటిస్తాయి, ఒకదాంట్లో రచయిత ఒకరు, ఇంకోదాంట్లో మరొకరు. పాత థీములు హెంట్రీ అనే పాతకాలపు చీటీ ఒకటి ప్రతి రచనకూ తగిలిస్తాయి. రచయిత లేరు, తేదీ లేదు అని గూగుల్ నుంచి ఒకప్పుడు ఫిర్యాదులు వచ్చేవి, కారణం చాలాసార్లు అదే అయ్యేది. రచన రకం కూడా చూసుకోండి. ప్లగిన్ అన్నిటినీ ఆర్టికల్ అంటుంది. రిపోర్ట్ అని వేరే రకం ఉంది, మన నిజనిర్ధారణలకు అది సరిపోతుంది. భాష గడిలో తెలుగు అని ఉందో లేదో చూడండి. మాది చాలాకాలం అమెరికా ఇంగ్లీషు అని ఉండేది! చివరగా స్కీమా మార్కప్ వాలిడేటర్ అని ఒకటి ఉంది. దానికి మీ పేజీ చిరునామా ఇస్తే వెనకవైపు ఏమేం చీటీలున్నాయో అన్నీ ముందు పరుస్తుంది. ఏదైనా ఎక్కించిన ప్రతిసారీ అక్కడ ఒకసారి చదవండి. ఈ అలవాటు మాకు లేకపోవడం వల్ల ఏం జరిగిందో ఇప్పుడు చెబుతాను.

అత్తింట్లో హింస భరించి బయటికి వచ్చిన ఒకామె తన కథ మాకు చెప్పింది. ఈ జిల్లా ఆమే. పేరు మార్చాం. ఊరు తీసేశాం. పిల్లల సంఖ్య కూడా మార్చాం. ముఖం కనిపించకుండా కుట్టుమిషను మీద ఉన్న చేతుల ఫొటో వేశాం. అచ్చులో అంతా సరిగానే ఉంది. ఆ ఫొటో తీసిన కుర్రవాడు తన సౌకర్యం కోసం ఫైలుకు ఆమె అసలు పేరు పెట్టుకున్నాడు. మేము ఆ ఫైలును అలాగే ఎక్కించాం. వర్డ్‌ప్రెస్ ఫైలు పేరును ఫొటో పేరుగా తీసుకుంది. థీమ్ దాన్ని ఫొటో వివరణగా నింపింది. ప్లగిన్ ఆ వివరణను చీటీలోకి ఎక్కించింది. పాఠకులెవరికీ ఏమీ కనిపించదు. ఆమె అసలు పేరుతో ఎవరైనా వెతికితే మాత్రం ఆ చేతులూ ఆ కథా వస్తాయి.

వెతికింది ఆమె మరిది కొడుకు. ఊరికే, పేర్లు టైపు చేస్తూ ఆడుకుంటూ.

ఆమె నాకు ఫోన్ చేసింది. కోపంగా మాట్లాడలేదు, అది ఇంకా బాధపెట్టింది. "పేరు మార్చినమన్నరు గద అక్కా. పైన మార్చి ఎన్కకు గట్లనే ఉంచిన్రా?" అంది. ఆ రాత్రే తీసేశాం. కానీ వెతికే యంత్రాలు దాచుకున్న నకళ్లు పోవడానికి చాలా రోజులు పట్టింది, తీసేయమని విడిగా దరఖాస్తు పెట్టుకోవాల్సి వచ్చింది. ఆ రోజులన్నీ ఆమె తన అక్క ఇంట్లో ఉంది. ఆమె ఇప్పుడు మాతో మాట్లాడుతుంది, కానీ మళ్లీ ఏదీ రికార్డు చేయనివ్వలేదు. నేను అడగలేదు కూడా.

అత్యాచారానికి గురైన స్త్రీ పేరు బయటపెట్టడం నేరమని 1983 నుంచీ శిక్షాస్మృతి 228-ఎ సెక్షన్ చెబుతూ వచ్చింది. 2024 జూలై 1 నుంచి అది భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్. 2018 డిసెంబర్‌లో నిపుణ్ సక్సేనా కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకు వేసింది. పేరే కాదు, ఎంత దూరపు సూచనగానైనా ఆమెను గుర్తుపట్టడానికి వీలిచ్చే ఏ వివరమూ ఇవ్వకూడదని చెప్పింది. మా తప్పు అత్యాచారం కేసులో జరగలేదు, కాబట్టి చట్టం మమ్మల్ని పట్టుకోలేదు. దూరపు సూచన అంటే ఏమిటో మాత్రం నాకు అప్పుడు అర్థమైంది. చీటీల పనే దూరపు సూచనల్ని దగ్గరికి చేర్చడం. ఊరు ఒక చీటీలో, ఏడాది ఒక చీటీలో, కులం ట్యాగులో, సంస్థ పేరు ఇంకో చోట ఉంటే, వాటిని కలిపి చదవడానికి ఇప్పుడు మనిషి కూడా అక్కర్లేదు. కృత్రిమ మేధ పేరుతో వచ్చిన యంత్రాలు ఆ పనే చేస్తున్నాయి.

అయితే ఏ చీటీలూ వద్దు, అన్నీ పీకేద్దాం అంటారా? మాలో కొందరు అదే అన్నారు. నేను ఒప్పుకోలేదు. ఎందుకో ఇబ్రహీంపట్నం గురించి చెబితే మీకు తెలుస్తుంది.

2022 ఆగస్టు 25న ఇబ్రహీంపట్నం ప్రభుత్వ ఆసుపత్రిలో కుటుంబ నియంత్రణ శిబిరం పెట్టి ఒకే రోజు 34 మంది స్త్రీలకు ఆపరేషన్లు చేశారు. నలుగురు చనిపోయారు. మిగిలినవాళ్లను హైదరాబాద్ ఆసుపత్రులకు తరలించారు. ఈ గదిలో ఆ కుటుంబాలను కలిసినవాళ్లు ఉన్నారు. 2014 నవంబర్‌లో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ దగ్గర ఇలాంటి శిబిరాల్లోనే 13 మంది చనిపోయారు. 2016 సెప్టెంబర్ 14న దేవికా బిశ్వాస్ కేసులో సుప్రీంకోర్టు, ఈ శిబిరాల పద్ధతిని మూడేళ్లలో మానుకోవాలని, ఆపరేషన్ల నాణ్యతను చూసే కమిటీలు ఏటా నివేదిక ప్రచురించాలని చెప్పింది. మూడేళ్లు అంటే 2019. ఇబ్రహీంపట్నంలో శిబిరం జరిగింది 2022లో.

ఇప్పుడు ఒడిశాలోనో బీహార్‌లోనో ఒక కార్యకర్త ఆ తీర్పు తర్వాత ఎక్కడెక్కడ శిబిరాలు జరిగాయి, ఎంతమంది చనిపోయారు అని వెతుకుతోందనుకోండి. ఆమెకు తెలుగు రాదు. తెలుగులో రాసిన మన నివేదిక ఆమెకు దొరకాలి. అది నివేదిక అని, ఫలానా తేదీన ఫలానా ఇబ్రహీంపట్నంలో జరిగిన సంఘటన గురించి అని, ఫలానా తీర్పును ప్రస్తావించిందని చీటీలు ఉంటేనే దొరుకుతుంది. తీర్పు కోసం సైటేషన్ అనే గడి ఉంది. అబౌట్ అని ఒక గడి, మెన్షన్స్ అని ఇంకో గడి ఉన్నాయి. మొదటిది రచన దేని గురించో చెబుతుంది, రెండోది ఊరికే ఎవరి ప్రస్తావన వచ్చిందో చెబుతుంది. అబౌట్ గడిలో శిబిరాన్ని పెట్టాలి, ఆపరేషన్ పద్ధతిని పెట్టాలి, తీర్పును పెట్టాలి, ప్రభుత్వ శాఖను పెట్టాలి. చనిపోయిన స్త్రీల పేర్లు ఏ గడిలోనూ పెట్టకూడదు, వాళ్ల చిన్న పిల్లలు రేపు పెద్దవాళ్లవుతారు. కుటుంబాలు అడిగితే అప్పుడు వేరు. ఇప్పుడు చాలా సైట్లలో దీనికి సరిగ్గా తలకిందులుగా ఉంటుంది: బాధితురాలి పేరు, వయసు, ఊరు, భర్త పేరు చీటీల నిండా ఉంటాయి. శాఖ పేరు, తీర్పు పేరు ఎక్కడా ఉండవు.

కుల వివక్ష మీద వచ్చిన నివేదికలతో ఇంకో చిక్కు వచ్చింది. స్కీమా పదజాలంలో మనిషికి జెండర్ అనే గడి ఉంది. కులం అనే గడి లేదు. నలుగురు వ్యాపారులు పెట్టుకున్న పదజాలంలో అది ఉండాలని అనుకోవడం అత్యాశే. కొందరు మిత్రులు సొంతంగా ఒక గడి చేర్చుకుందామన్నారు. నేను మనిషికి వద్దని వాదించాను. మనిషి చీటీ మీద కులం రాయడం మనం ఎవరి మీద పోరాడుతున్నామో వాళ్లు చేసే పని. రచన విషయం దగ్గర, అబౌట్ గడిలో, కుల వివక్ష అని రాయవచ్చు. దళిత స్త్రీల సంఘాలు దీనికి ఒప్పుకోవాలని లేదు. ఒక మిత్రురాలు నాతో గట్టిగా పోట్లాడింది. "మా రచయిత్రులను మా పేరుతోనే వెతకాలి, మీ మొహమాటం కోసం మమ్మల్ని మాయం చేయొద్దు" అంది. ఆ వాదనకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. బతికి ఉన్న రచయిత్రుల విషయంలో వాళ్లనే అడిగి, వాళ్లు రాయమన్నట్టు రాస్తున్నాం.

అడగడం గురించే చివరి మాట. సాక్ష్యం చెప్పే స్త్రీ దగ్గర మనం ఒప్పుదల కాగితం మీద సంతకమో వేలిముద్రో తీసుకుంటాం. అందులో "అచ్చు వేయడానికి సమ్మతి" అని ఉంటుంది. వెతికితే దొరికేలా పెట్టడానికి సమ్మతి వేరే ప్రశ్న. రెండూ ఒకటి కావు. మేము ఇప్పుడు ఫోన్‌లో చూపించి అడుగుతున్నాం: "ఇదిగో, ఇలా మీ ఊరి పేరు కొడితే ఇది వస్తుంది, రావచ్చా?" కొందరు రావద్దంటారు. ఒక పెద్దావిడ "రానియ్యుండ్రి బిడ్డా, మా ఊరోళ్లు సూడాలె" అంది. ఆమె రచనకు అన్ని చీటీలూ పెట్టాం, పేరు కూడా పెట్టాం.

మధ్యాహ్నం భోజనాల తర్వాత మీ మీ సంఘాల సైట్లు తెరుద్దాం. రచయిత గడి, తేదీ గడి సాయంత్రం చూద్దాం, అవి ఎక్కడికీ పోవు. ముందు ఫొటోల ఫైలు పేర్లు చూద్దాం.